నల్లబల్ల - సెల్‌ఫోన్: ఒక మాస్టారి అభిప్రాయం మారిన క్రమం

(ఆన్‌లైన్ విద్య, మిశ్రమ విద్యపై ఒక అధ్యయన వ్యాసం)



ఈ సంచికలో ఏదైనా చదువుకు పనికివచ్చే విషయం రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరినప్పుడు, ఈ మధ్య మన హాస్టల్‌లో రోజూ వినిపిస్తున్న ఒక ప్రశ్ననే తీసుకోవాలని మేము నిర్ణయించుకున్నాము. "అన్ని పాఠాలూ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, ఇంకా హాస్టల్ ఎందుకు? అశోక్‌నగర్ కోచింగ్ ఎందుకు? కాలేజీకి రోజూ పోవడం ఎందుకు?" అనేదే ఆ ప్రశ్న. ఊళ్లో అమ్మానాన్నలు అడుగుతున్నారు. కొత్తగా చేరిన తమ్ముళ్లు కూడా అడుగుతున్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఈ వ్యాసకర్తే. మా వంటి వారికి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు ఇంట్లో ఉండరు. కావున మనమే తెలుసుకోవాలి.

మన అదృష్టం కొద్దీ ఈ విషయంలో ఒకసారి కాదు, రెండుసార్లు అభిప్రాయం మార్చుకున్న ఒక మాస్టారు మనకు దగ్గరలోనే ఉన్నారు. ఆయన సర్కారు బడిలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో చాలా ఏళ్లుగా పోటీపరీక్షల అర్థమెటిక్ చెబుతున్నారు. ఆదివారం పూట మన పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పడానికి వస్తారు. పేరు వేయవద్దని కోరినందున ఆయనను మాస్టారు అనే పిలుస్తాము. ఆయన మాటలను, పుస్తకాలలో మేము చదివిన విషయాలను కలిపి ఈ వ్యాసం రాస్తున్నాము.

1. ముందుగా మాటల అర్థం

మూడు మాటలను మనం కలగాపులగం చేస్తుంటాము.

దూరవిద్య: గురువు ఒకచోట, శిష్యుడు మరొకచోట ఉండి పుస్తకం, రేడియో, టపా ద్వారా సాగే చదువు.

ఆన్‌లైన్ విద్య: దూరవిద్యలో ఒక రకం. ఇంటర్నెట్ ద్వారా జరుగుతుంది. పాఠం ప్రత్యక్షంగా రావచ్చు, రికార్డు చేసినదీ కావచ్చు.

మిశ్రమ విద్య: దీన్నే బ్లెండెడ్ లెర్నింగ్ అంటున్నారు. కొంత భాగం తరగతిలో, కొంత భాగం ఆన్‌లైన్‌లో జరుగుతుంది. అయితే రెండూ ఒకే పాఠంలో భాగాలై ఒకదానికొకటి అతికి ఉండాలి. ఉదయం కాలేజీలో ఒక పాఠం విని, రాత్రి ఫోన్‌లో సంబంధం లేని మరో వీడియో చూడడం మిశ్రమ విద్య కాదు.

2. ఇది నిన్నటి విషయం కాదు

2020లో కరోనా వచ్చాకే ఇదంతా మొదలైందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి దీని వేర్లు చాలా లోతైనవి. ఇంగ్లండులో ఐజాక్ పిట్మన్ 1840 ప్రాంతంలోనే పోస్టు ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్పాడు. విద్యార్థులు రాసి పంపితే ఆయన దిద్ది తిప్పి పంపేవాడు. అంటే దూరవిద్య పుట్టినప్పుడే "రాయడం, దిద్దించుకోవడం" అందులో భాగంగా ఉంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పని ఉంది.

మన దేశంలో 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక సంవత్సరం పాటు సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరి జనం, బడి పిల్లలు టీవీ ముందు కూర్చుని తెలుగులో పాఠాలు విన్నారు. ఆ ప్రయోగంలోనే దాదాపు యాభై వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు శిక్షణ ఇచ్చారు. టీవీ ఒక్కటే సరిపోదని రేడియోను, అచ్చు పుస్తకాన్ని, చేతితో చేసే ప్రయోగాలను కూడా జోడించారు. మిశ్రమ విద్య అనే మాట రాకముందే ఆ పని జరిగిందన్నమాట.

తర్వాతి మెట్టు మన హైదరాబాదులోనే పడింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో ఇక్కడ ప్రారంభమైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి వైస్‌ఛాన్సలర్ ఆచార్య జి.రామిరెడ్డి. ఉస్మానియా వంటి సాంప్రదాయ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా చేసిన మనిషే తరగతి గది లేని విశ్వవిద్యాలయాన్ని నడపడానికి ముందుకు వచ్చారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్‌ఛాన్సలర్ అయ్యారు. బడి మధ్యలో మానేసినవారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఈ విశ్వవిద్యాలయం కల్పించింది. పగలు కూలికో, ఫ్యాక్టరీకో, ఆఫీసుకో పోయి రాత్రి చదువుకున్న ఎందరో దాని వల్ల పట్టభద్రులయ్యారు. అక్కడా పుస్తకాలు ఇచ్చి వదిలేయలేదు. రేడియో పాఠాలు, అధ్యయన కేంద్రాలలో కాంటాక్టు క్లాసులు పెట్టారు.

2004 సెప్టెంబరు 20న ఇస్రో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపింది. మన టీవీగా మొదలైన ఉపగ్రహ విద్యా ప్రసారం తెలంగాణలో 2017లో టి-శాట్‌గా మారింది. విద్య, నిపుణ అనే రెండు ఛానెళ్ల పాఠాలు మనలో చాలామంది చూసినవే. అదే 2017లో కేంద్రం స్వయం వేదికను ప్రారంభించింది. అంతకు ముందే 2016లో చౌక డేటా రావడంతో పాఠం టీవీ నుండి జేబులోకి వచ్చింది.

3. మాస్టారి మొదటి అభిప్రాయం: "ఇది చదువే కాదు"

2020 వరకు మాస్టారు ఆన్‌లైన్ పాఠానికి పూర్తి వ్యతిరేకి. వీడియో తీస్తామని కోచింగ్ వాళ్లు అడిగితే ఒప్పుకోలేదు. కారణం అడిగితే ఇలా అన్నారు:

"బిడ్డా, నేను బోర్డు మీద లెక్క చేస్తున్నప్పుడు సగం సేపు పోరల మొఖాలే చూస్త. సమజైనోని చెయ్యి రాస్తుంటది. సమజ్ కానోడు తల ఊపుతుంటడు. తల ఊపెటోని కోసం నేను మళ్ల చెప్పాలె. కెమెరాకు తల ఉంటదా?"

హాలులో వెనుక బెంచీ వరకు నడిచి నోటుపుస్తకం చూసే అలవాటు ఆయనది. ఆయన దృష్టిలో పాఠం అంటే చెప్పడం కాదు, ఎవరికి అందలేదో కనిపెట్టడం.

4. రెండవ అభిప్రాయం: "ఇక అశోక్‌నగర్ అక్కర్లేదు"

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నారాయణగూడ, చిక్కడపల్లి మెట్రో స్టేషన్లు తెరిచి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మూతపడింది. అశోక్‌నగర్, గాంధీనగర్, జవహర్‌నగర్ గల్లీల్లోని ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. పెట్టెలు, పుస్తకాలు మోసుకుని అందరూ ఊళ్లకు పోయారు. మాస్టారు ఇంట్లో గోడకు తెల్లబోర్డు కొట్టించి, అల్లుడు తెచ్చిన స్టాండుకు ఫోన్ పెట్టి, ఎదుట మనిషి లేకుండా పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

మొదటి వారం గోడకు చెప్పినట్టు ఉందన్నారు. కానీ నెల తిరిగేసరికి ఆయన మాట మారింది. మారడానికి మూడు కారణాలు చెప్పారు.

మొదటిది, అంతవరకు ఆయన హాలుకు రాలేని వారు పాఠంలోకి వచ్చారు. పగలంతా ఉపాధి హామీ పనికి పోయి రాత్రి పది గంటలకు రికార్డు వినే యువకుడు ఒకరు. చంకలో పసిబిడ్డతో పాఠం వినే తల్లి ఒకరు. హైదరాబాదులో గది అద్దె, మెస్ బిల్లు కట్టలేక ఎన్నడూ అశోక్‌నగర్ మొఖం చూడనివారు ఎందరో.

రెండవది, ప్రశ్నలు పెరిగాయి. హాలులో లేచి అడగడానికి భయపడేవారు, తమ యాస చూసి పక్కవాళ్లు నవ్వుతారని నోరు మెదపనివారు ఫోన్‌లో టైపు చేసి అడిగారు. "ఇరవై ఏండ్ల నుంచి వెనక బెంచోళ్లకు డౌట్లు లేవనుకున్న. డౌట్లున్నయి, ధైర్యమే లేకుండె" అన్నారు మాస్టారు.

మూడవది, పాఠాన్ని ఆపి మళ్లీ వినవచ్చు. హాలులో ఒకసారి జారిపోయిన మెట్టు జారిపోయినట్టే. రికార్డులో అదే మెట్టును నాలుగుసార్లు ఎక్కవచ్చు.

ఆ రోజుల్లో ఆయన తన శిష్యులకు "ఇంటికాడనే ఉండండి, పైసలు మిగిలించుకోండి" అని చెప్పేవారు. ఈ మాటలో బలం ఉందని తర్వాతి సంవత్సరాలు కూడా చూపించాయి. తెలంగాణ గ్రూప్-1 సంగతే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగి, ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్ 9న ప్రిలిమ్స్ జరిగింది. ఒకే ప్రిలిమ్స్ కోసం మూడుసార్లు సిద్ధం కావలసి వచ్చిన అభ్యర్థికి అన్ని నెలలు చిక్కడపల్లిలో గది అద్దె ఎవరు కడతారు? ఆ సమయంలో ఊళ్లో ఉండి చదువు విడిచిపెట్టకుండా కాపాడింది చాలామందికి ఆ ఫోన్ పాఠమే.

5. నాణేనికి రెండవ వైపు: ఊరిలో మా చదువు

ఇక్కడ మా అనుభవం కూడా చెప్పాలి. మా బ్యాచ్ 2020లో ఇంటర్ పూర్తి చేసింది. డిగ్రీ మొదటి సంవత్సరం పాఠాలలో ఎక్కువ భాగం మేము ఊళ్లోనే, ఫోన్‌లోనే విన్నాము.

ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్. అది నాన్న చేతిలో ఉంటుంది. ఆయన పనికి పోతే ఫోనూ పోతుంది. చెల్లెలికి బడి పాఠం, మాకు కాలేజీ పాఠం ఒకే గంటకు ఉంటాయి. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఇద్దరికీ పంచాలి. సిగ్నల్ కోసం కొందరు వాటర్ ట్యాంకు దగ్గరకు, కొందరు చెరువుకట్ట మీదకు పోయేవారు.

ఇవి అందరూ చెప్పే ఇబ్బందులే. వీటికంటే పెద్ద ఇబ్బంది ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పలేదు. మా ఇళ్లలో ఫోన్ చూస్తున్న మనిషి ఖాళీగా ఉన్నట్టు లెక్క. పాఠం మధ్యలో "బర్రెను కట్టేసి రా" అంటారు, "పత్తి ఏరనీకి మనిషి తక్కువైండు, రా" అంటారు. మా అమ్మానాన్నల తప్పు ఇందులో ఏమీ లేదు. వారికి చదువు అంటే బ్యాగు వేసుకుని బస్సెక్కి పోవడం. అదే కొడుకు హాస్టల్‌కు పోతే ఏ పనికీ పిలవరు, పైగా "మావోడు పట్నంల చదువుతుండు" అని నలుగురికీ చెప్పుకుంటారు. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఇంట్లో కనబడితే చాలు, వంట, నీళ్లు, తమ్ముళ్ల పని, ఆపైన పెళ్లి మాటలు.

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు లెక్కల ప్రకారం దేశంలో పల్లె కుటుంబాలలో 4.4 శాతానికి మాత్రమే కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ సౌకర్యం 14.9 శాతానికి ఉంది. పట్టణాలలో అవి 23.4, 42 శాతాలు. కరోనాకు రెండేళ్ల ముందు లెక్క ఇది. 2020 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రంలో బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా టీవీ పాఠాలు ఇవ్వడానికి కారణం కూడా ఇదే. ఫోన్ లేని ఇంట్లో కూడా టీవీ ఉండే అవకాశం ఎక్కువ.

6. మాస్టారి మూడవ అభిప్రాయం: "వినడం వేరు, చేయడం వేరు"

హాళ్లు మళ్లీ తెరిచాక మాస్టారు తన ఆన్‌లైన్ శిష్యులను పిలిచి కాగితం మీద ఒక పరీక్ష పెట్టారు. ఫలితం చూసి ఆశ్చర్యపోయారు. అందరికీ పద్ధతులు తెలుసు, సూత్రాలు నోటికి వచ్చు. కానీ సమయంలోపు పేపరు పూర్తి చేసినవారు తక్కువ. ప్రశ్నను కాస్త తిప్పితే ఆగిపోయారు.

ఆయన మాకు చూపిన ఉదాహరణ ఇది. ఒక వస్తువు ధరను 20 శాతం పెంచి, తర్వాత 20 శాతం తగ్గిస్తే ఏమవుతుంది? వీడియో చూసిన అందరూ 4 శాతం నష్టం అని వెంటనే చెప్పారు. 100 రూపాయలు 120 అవుతుంది, 120లో 20 శాతం 24, కాబట్టి 96 మిగులుతుంది. సరే. ఇప్పుడు ఇదే ప్రశ్నను తిప్పారు. ధర 25 శాతం పెంచాము. మళ్లీ పాత ధరకు రావాలంటే ఎంత శాతం తగ్గించాలి? చాలామంది 25 అన్నారు. సరైన జవాబు 20. 100 రూపాయలు 125 అయింది, తగ్గించవలసింది 25 రూపాయలు. 125లో 25 అంటే అయిదో వంతు, అంటే 20 శాతం. మొదటి లెక్క అర్థమైతే రెండవది రావాలి. కానీ వారు మొదటి లెక్కను చూశారు, చేయలేదు.

"ఫోన్ల చూసింది ఫోన్లనే ఉంటది. చేత్తో చేసిందే నెత్తిల ఉంటది" అని మాస్టారు తేల్చారు.

ఈ మాటకు శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి, 83 శాతం, 71 శాతం. కానీ వారం తర్వాత చూస్తే తారుమారైంది. చదివినవారికి 40 శాతం గుర్తుంది, రాసినవారికి 61 శాతం గుర్తుంది. వీడియోను మళ్లీ మళ్లీ చూడడం మొదటి పద్ధతి వంటిది. అప్పటికప్పుడు అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. పరీక్ష మాత్రం వారం తర్వాతనో, నెల తర్వాతనో ఉంటుంది. పిట్మన్ పోస్టులో రాయించి దిద్ది పంపింది అందుకే పనిచేసింది.

7. ప్రపంచంలో పెద్ద మాస్టార్లు కూడా మారారు

అభిప్రాయం మార్చుకున్నది మన మాస్టారు ఒక్కరే కాదు. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ అనే ఇద్దరు తమ కృత్రిమ మేధ పాఠాన్ని అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. దాదాపు 1,60,000 మంది చేరారు. దానితో ఉత్సాహపడిన త్రన్ ఉడాసిటీ అనే సంస్థను పెట్టాడు. 2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రభుత్వ విశ్వవిద్యాలయంతో కలిసి లెక్కలు, గణాంకశాస్త్రం ఆన్‌లైన్‌లో నేర్పాడు. మామూలు తరగతుల కంటే ఉత్తీర్ణత బాగా తగ్గింది. ఆ ఏడాదే ఆ ప్రయోగాన్ని ఆపారు. పేద వాడల నుండి వచ్చి, సరైన కంప్యూటర్ కూడా లేని విద్యార్థులకు ఈ పద్ధతి సరిపోలేదని త్రన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన హార్వర్డ్, ఎం.ఐ.టి. వారి ఉచిత ఆన్‌లైన్ కోర్సులను లెక్కగట్టింది. పేరు నమోదు చేసుకున్నవారిలో 52 శాతం మంది ఒక్కసారి కూడా కోర్సు తెరవలేదు. 2017-18లో పూర్తి చేసినవారు 3.13 శాతం మాత్రమే. పాఠం ఉచితమైనంత మాత్రాన చదువు పూర్తి కాదని దీనివల్ల తెలుస్తుంది.

అలాగని ఆన్‌లైన్ పనికిరాదని కాదు. అమెరికా విద్యాశాఖ 2010లో వెలువరించిన ఒక సమీక్ష ప్రకారం తరగతిని, ఆన్‌లైన్‌ను కలిపి చదివినవారు తరగతి మాత్రమే విన్నవారి కంటే మెరుగ్గా నేర్చుకున్నారు. అయితే ఆ నివేదికలోనే ఒక హెచ్చరిక ఉంది. కలిపి చదివినవారికి ఎక్కువ సమయం, ఎక్కువ సామగ్రి దొరికాయి. అంటే గొప్పతనం మొత్తం యంత్రానిది కాదు. ఎక్కువసేపు, ఎక్కువ విధాలుగా చదివించడం వల్ల వచ్చిన ఫలితం అది.

8. ఇప్పుడు మాస్టారు చేస్తున్నది

మూడవ అభిప్రాయం తర్వాత మాస్టారు పద్ధతి మార్చారు. సూత్రాలు, మొదటి ఉదాహరణలు చిన్న చిన్న వీడియోలుగా చేసి ముందు రోజు పంపుతారు. హాలులో చెప్పడం తగ్గించి చేయించడం పెంచారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఒక హైస్కూలులో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ ఉపాధ్యాయులు 2007లో ఇదే పద్ధతి ప్రారంభించారు. దీన్ని తిరగేసిన తరగతి అంటారు. వినడం ఇంట్లో, హోంవర్కు బడిలో. చిన్న వీడియోలు ఎందుకంటే, 2014లో ఎడెక్స్ వేదికపై జరిగిన ఒక పరిశోధనలో ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నట్లు తేలింది.

దూరంగా ఉన్నవారి కోసం కూడా ఒక నియమం పెట్టారు. ప్రతి ఒక్కరూ చేసిన లెక్కల కాగితాన్ని ఫోటో తీసి పంపాలి. పంపని వారికి తర్వాతి వీడియో రాదు. ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపుతారు. "ఇంతకు ముందు మొఖాలు చూసేటోన్ని, ఇప్పుడు కాగితాలు చూస్తున్న. ఏదో ఒకటి చూడకుంటే మాస్టరెట్లయిత?" అన్నారు.

9. హాస్టల్ ఎందుకు?

ఇప్పుడు మనం మొదటి ప్రశ్నకు రావచ్చు. ఒక తరగతి మనకు ఏమేమి ఇస్తుందో విడదీసి చూద్దాం: పాఠం, ప్రశ్నకు జవాబు, సాధన, దిద్దుబాటు, తోటివారు, చదువుకునే సమయం, చదువుకునే చోటు. వీటిలో పాఠం ఫోన్‌లో చక్కగా వస్తుంది. జవాబు కొంతవరకు వస్తుంది. దిద్దుబాటు, ఎవరైనా పూనుకుంటేనే వస్తుంది. తోటివారు, సమయం, చోటు ఫోన్‌లో రావు.

కలిగిన ఇంటి పిల్లవాడికి ఆ మూడూ ఇంట్లోనే ఉన్నాయి. వేరే గది, బల్ల, లైటు, డిగ్రీ చదివిన అక్క, పని చెప్పని అమ్మ. అతనికి ఆన్‌లైన్ అంటే ఉన్నదానికి అదనం. మనకు హాస్టల్ తీసేసి ఆన్‌లైన్ ఇస్తే అది అదనం కాదు, ఉన్నదాన్ని తీసుకోవడం. దళిత విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుండి ఉంది. దాని వెనుక ఆలోచన ఫీజు కట్టడం ఒక్కటే కాదు, చదివేవాడికి తిండీ నీడా కూడా కావాలనేదే. పుస్తకానికి వర్తించిన ఆ మాట ఫోన్‌కూ వర్తిస్తుంది.

స్వయం కోర్సుల ద్వారా 40 శాతం వరకు క్రెడిట్లు పొందే వీలును యు.జి.సి. 2021లో కల్పించింది. అదే సంవత్సరం మిశ్రమ విద్యపై ఒక పత్రాన్ని కూడా విడుదల చేసింది. అంటే ఇది తప్పించుకునే విషయం కాదు. కావున మనం అడగవలసింది "ఆన్‌లైన్ కావాలా, హాస్టల్ కావాలా" అని కాదు. హాస్టల్‌లోనే ఆన్‌లైన్ కావాలి. పడకగది కాకుండా వేరే చదువుల గది, పనిచేసే వైఫై, నాలుగైదు కంప్యూటర్లు ఈ రోజుల్లో భోజనం, దుప్పటి వంటి అవసరాలే.

10. తమ్ముళ్లకు కొన్ని సూచనలు

మాస్టారు చెప్పినవి, మేము ఆచరిస్తున్నవి ఇక్కడ ఇస్తున్నాము.

1) ఒక విషయానికి ఒకే మాస్టారి పాఠం ఎంచుకోండి. పది ఛానెళ్లు మార్చడం చదువు కాదు.

2) పెన్ను, కాగితం లేకుండా వీడియో తెరవవద్దు. లెక్క కనబడగానే ఆపండి. ముందు మీరు చేయండి, తర్వాత ఆయన చేసింది చూడండి.

3) పాఠం అయ్యాక ఫోన్ బోర్లా పెట్టి గుర్తున్నది ఒక పేజీ రాయండి. మరునాడు, వారానికి మళ్లీ రాయండి.

4) ఒక ఫోన్, నలుగురు మిత్రులు చాలు. ఒకరు పాఠం చూసి మిగతా ముగ్గురికి బోర్డు మీద చెప్పాలి. రోజుకు ఒకరి వంతు. చెప్పలేకపోయిన చోటే మనకు రానిచోటు.

5) కాగితాలు మార్చుకుని దిద్దుకోండి. దిద్దేవారు లేని సాధన సగం సాధన.

6) సాయంత్రం చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచి వెళ్లండి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. పదిమంది మౌనంగా చదువుతున్న చోట ఫోన్ తీయాలనిపించదు.

7) కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఆన్‌లైన్‌లో ఆ మాస్టారి ఉచిత పాఠాలు నాలుగు వినండి. "దిద్దుతారా, పరీక్షలు పెడతారా" అని అడగండి. చెప్పడం మాత్రమే అయితే అది ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ముగింపు

పై విషయాలను బట్టి సాధనం మారినా చదువు ధర్మం మారలేదని తెలుస్తుంది. పోస్టు, రేడియో, ఉపగ్రహం, ఫోన్ ఏది వచ్చినా, రాసినవారు, దిద్దించుకున్నవారు ముందుకు పోయారు. అరవై దాటిన మన మాస్టారు తాను చూసిన ఫలితాన్ని బట్టి రెండుసార్లు అభిప్రాయం మార్చుకున్నారు. దానివల్ల ఆయన గౌరవం తగ్గలేదు, మన చదువు బాగుపడింది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ ఇంట్లో పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ పనిచేసే స్థితిలో ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి. అంతకంటే ముఖ్యంగా, మీరు ఏ ఊరిలో, ఏ దేశంలో ఉన్నా వారానికి ఒక గంట కేటాయించి ఇద్దరు తమ్ముళ్ల జవాబుపత్రాలు ఫోన్‌లో తెప్పించుకుని దిద్ది పంపండి. పాఠాలు చెప్పేవారు వేలమంది ఉన్నారు. మన కాగితం చూసేవారే తక్కువ. ఆసక్తి ఉన్నవారు వార్షికోత్సవం రోజున సంపాదకవర్గం బల్ల దగ్గర ఉంచిన నోటుపుస్తకంలో మీ పేరు, దిద్దగలిగిన సబ్జెక్టు రాయవలసిందిగా కోరుతున్నాము. మొదటి పేరు మాదే రాశాము.